ఇరవై రెండు అంగుళాల చెయ్యి

మా అత్త కెజాయా పీస్లీకి తొమ్మండుగురు పిల్లలు, ఒకే ఒక భోజనం బల్ల. మామ తల్లి, పెళ్లికాని మామ తమ్ముడు, కొత్తగా కాపురానికొచ్చిన నేను కలిసి ఇంట్లో పధ్నాలుగు మందిమి. బల్ల దగ్గర ఎనిమిది మందికే చోటు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల వెనక నిలబడి, గిన్నెలు చేత్తో పట్టుకుని తినేవాళ్లు. న్యూ హాంప్‌షైర్‌లో మా ఊళ్లో చాలా ఇళ్లలో అంతే. ఎవరూ తప్పు పట్టరు. అత్త మాత్రం పట్టేది. చిన్నప్పుడు ఆమె పన్నెండేళ్లు నిలబడే తిన్నదట.

"అందుకే తిన్నదంతా కాళ్లలోకి దిగింది," అని లావుపాటి పిక్కలు చూపించి నవ్వేది.

ఆ బల్ల రెండు ఇరుకు చెక్కలు కలిపి చేసింది. అతుకులోంచి చిక్కుళ్ల పులుసు మామ మోకాళ్ల మీదికి కారేది. అందరూ ఒకేసారి కూర్చుని తినేలా, అతుకు లేని వెడల్పాటి బల్ల ఒకటి కావాలన్నది అత్త కోరిక. పైగా మామ జోథమ్‌ది రంపపు మిల్లు.

కానీ తెల్ల పైన్ చెట్టు మాను అడ్డంగా రెండడుగులు దాటితే అది ఇంగ్లండు రాజుగారిది. ఆయన ఓడలకు తెరచాప స్తంభాలు కావాలి. అడవి అధికారి మనిషి వచ్చి మాను మీద గొడ్డలితో బాణంలా మూడు గాట్లు పెట్టిపోతాడు. చెట్టు ఎవరి పొలంలో ఉన్నా సరే. ఇంట్లో రెండడుగుల చెక్క కనబడితే రాజు చెట్టు కొట్టారన్నమాటే. అందుకని మిల్లులవాళ్లు ఎంత లావు దుంగ వచ్చినా ఇరవై రెండు అంగుళాల దగ్గర అంచులు కోసేసేవాళ్లు. మామ ముప్ఫై ఏళ్లుగా అలాగే కోస్తున్నాడు. ఆయనకు కొలబద్ద కూడా అక్కర్లేదు.

అత్త గుమ్మడి పాదుల పక్కనే అలాంటి పైన్ చెట్టొకటి ఉండేది. దాని మీద బాణం గుర్తు పడి పన్నెండేళ్లయింది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. దాని నీడకు గుమ్మడికాయలు గుప్పెడంతే కాసేవి. 1774 అక్టోబరు గాలివానకు ఆ చెట్టు పాదుల మీదే కూలింది.

పడిపోయిన చెట్టు వాడుకోవచ్చా అని మామ పోర్ట్స్‌మత్‌లోని అడవి అధికారికి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. క్రిస్మస్ వెళ్లాక ఇంకోటి రాశాడు. దానికీ రాలేదు.

"ఎండలు ముదిరితే పురుగు పడుతుంది," అన్నాడు మామ. "అప్పుడు అది రాజుకీ పనికిరాదు, మనకీ పనికిరాదు."

"పురుగుకి పనికొస్తుందిగా," అంది అత్త. "దానికైతే పర్మిషన్ అక్కర్లేదు. ఏమయ్యా, మన మీద పన్నులు వేసేదీ వాళ్లే, చెట్టు మీద గుర్తు పెట్టేదీ వాళ్లే. లండన్లో మన తరఫున నోరు విప్పేవాడు ఒక్కడైనా ఉన్నాడా? నువ్వు మూడో ఉత్తరం రాస్తే నేను విరగబడి నవ్వుతా."

మామ మూడో ఉత్తరం రాయలేదు. మంచు గట్టిగా ఉన్న ఫిబ్రవరిలో, మూడు జతల ఎడ్లను కట్టి దుంగను మిల్లుకి లాగించాడు. మార్చి చివర మంచు కరిగి వాగు పారగానే మిల్లు చక్రం తిరిగింది. అందరం వెళ్లాం. దుంగ కోసిన కొస మీద అత్త అడ్డంగా బొగ్గుతో గీత గీసి, "ముప్ఫై ఒక్క అంగుళాలు," అంది.

మొదటి చెక్క వచ్చింది. ముదురు తేనె రంగులో, ఒక్క కణుపు లేకుండా. నేనూ అత్తా రొట్టెల బుట్ట తేవడానికి గట్టెక్కాం. తిరిగి వచ్చేసరికి మామ ఆ చెక్కను మళ్లీ రంపానికి ఎక్కించాడు. రెండో అంచు కూడా తెగి వాగులో పడింది. అప్పుడుగానీ ఆయన తల ఎత్తలేదు.

చెక్క సరిగ్గా ఇరవై రెండు అంగుళాలుంది.



"ఎవరు కొయ్యమన్నారయ్యా నిన్ను?" అంది అత్త.

"ఎవరూ అనలేదు." మామ తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "దానంతటదే పోయింది."

"రాజుగారికి నీకంటే నమ్మకమైన బంటు ఇంగ్లండులో కూడా దొరకడు."

పిల్లలు నవ్వారు. మామ నవ్వలేదు. దుంగ మీద కూర్చుని, "ఇది నా చెయ్యే అనుకున్నా కెజ్జీ," అన్నాడు.

అత్త బుట్ట కింద పెట్టింది. దుంగలో అంత వెడల్పు చెక్క ఇంకొక్కటే మిగిలింది. అది కోస్తున్నంతసేపూ ఆమె రంపం పక్కన నిలబడి మామ చొక్కా చెయ్యి పట్టుకునే ఉంది. చెక్క బయటికి వచ్చాక కూడా వదల్లేదు.

పచ్చి చెక్క వంగుతుందని మామ అన్నా ఆమె ఆగలేదు, వెంటనే దాంతో బల్ల చేయించింది. ఆయన అడుగున అడ్డపట్టీలు కొట్టాడు. అయినా కొద్దిగా వంగింది. బఠానీలు ఎటు వేసినా మధ్యకే దొర్లేవి. మూడు రోజులు పధ్నాలుగు మందిమీ కూర్చుని తిన్నాం. ఎప్పుడూ నిలబడి తిన్న ఆరుగురికీ మొదట మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అధికారి మనిషి టిల్టన్ గుర్రం దిగాడు. వాగులో కొట్టుకొచ్చిన అంచు ముక్క కింది ఊళ్లో ఆయన కంట పడిందట. మా ఆయన ఏసా గబగబా పాత దుప్పటి తెచ్చి బల్ల మీద పరిచాడు. అది పాత బల్ల కొలతకు కుట్టింది. రెండు పక్కలా చెక్క బయటికే కనిపించింది.

"తీసెయ్యరా," అంది అత్త. "దాచుకుని తినడానికా చేయించుకుంది?"

టిల్టన్ కొలిచాడు. "ముప్ఫై ఒకటి."

"పొడుగు కూడా కొలవండి టిల్టన్ గారూ. పధ్నాలుగు మందిమి."

"అమ్మా, ఇది నవ్వులాట కాదు. బల్లను పట్టుకెళ్లాలి."

"దేని మీద?"

ఆయన కిటికీలోంచి చూశాడు. ఏప్రిల్ బురదలో ఆయన గుర్రమే మోకాళ్ల దాకా దిగబడి ఉంది. "దారి ఆరాక బండితో వస్తా," అని కత్తి తీసి బల్ల అంచున మూడు గాట్లు పెట్టాడు. మామ లేవబోతే అత్త ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"అయిపోయిందిగా, కూర్చోండి. పదిహేనో మనిషికి కూడా చోటుంది," అంది టిల్టన్‌తో.

ఆయన మొహమాటపడుతూనే కూర్చున్నాడు. పందిమాంసం వేసిన చిక్కుళ్లు రెండుసార్లు పెట్టించుకున్నాడు. తరవాత టీ ఉందా అని అడిగాడు.

"ఉంది," అని అత్త రాస్‌బెర్రీ ఆకుల కషాయం పోసింది. "మా ఊళ్లో ఇప్పుడు దీన్నే టీ అంటున్నాం. అసలుదాని మీద మీవాళ్లు పన్ను వేశారు కదా, అప్పట్నుంచి మాకు రుచించట్లేదు."

ఆయన గుటక వేసి, మొహం ఏమాత్రం మారకుండా గ్లాసు కింద పెట్టాడు. దాన్ని మాత్రం అత్త చాలా ఏళ్లు మెచ్చుకుంది.

దారి ఆరేలోపు మసాచుసెట్స్‌లో రాజు సైనికులకీ మనవాళ్లకీ మధ్య తుపాకులు పేలాయి. ఏసా ఊరివాళ్లతో కలిసి వెళ్లాడు. చలికాలానికి తిరిగొచ్చాడు, ఎడమచెవి సరిగ్గా వినిపించకుండా. నేను వద్దన్న మాటలన్నీ ఆ చెవినే పడ్డాయని ఇప్పటికీ అంటాడు. టిల్టన్ ఓడెక్కి వెళ్లిపోయాడని విన్నాం. బండి రాలేదు. బల్ల మీది గాట్లు చిత్రిక పట్టేస్తానని మామ అంటే పిల్లలు ఒప్పుకోలేదు. గాట్ల దగ్గర కూర్చునే వంతు కోసం వాళ్లు రోజూ కొట్టుకునేవాళ్లు.

మరుసటి వేసవిలో ప్రార్థనా మందిరం ముందు స్వాతంత్ర్య ప్రకటన చదివారు. రాజు చేసిన అన్యాయాల జాబితా చాలా పొడుగ్గా ఉంది. అత్త చివరిదాకా నిలబడి విన్నది.

"పైన్ చెట్టు సంగతి రాయలేదే," అంది.

"అర్జీలు పెట్టుకుంటే పట్టించుకోలేదని ఉంది కదా," అన్నాడు మామ.

"అయితే మన రెండు ఉత్తరాలూ అందులో ఉన్నట్టే."

ఆ తరవాత వెడల్పు చెక్క కోసుకోవడానికి ఎవరికీ అడ్డులేకపోయింది. చుట్టుపక్కలవాళ్లు తలుపులకనీ, బల్లలకనీ దుంగలు తోలుకొచ్చేవాళ్లు. కానీ మామ చెయ్యి ఇరవై రెండు దగ్గరికి రాగానే ఆగేది. చనిపోయేదాకా అంతే. అందుకని పెద్ద దుంగ వచ్చిన రోజున అత్త అల్లిక పని పట్టుకుని మిల్లు గుమ్మంలో కూర్చునేది. చక్రం చప్పుడును మించి ఆమె గొంతు మాకు ఇంటిదాకా వినిపించేది.

"ఇంకా జరుపు జోథమ్. ఇంకా. ఇంకా కాస్త."