మోపు లెక్క తేలిన ఆదివారం

నాకు ముక్కు మీదనే కోపం. నిజామాబాద్ కాలేజీల ఫిజిక్స్ సారుతో కొట్లాడింది గూడ దాంతోనే.

బలం ఎంతో, ఆ బలం దిక్కుకే వస్తువు ఎంత దూరం జరిగిందో, రెండూ గుణిస్తే పని అని సారు బోర్డు మీద రాసిండు. నెత్తి మీద బరువుతోని సమంగున్న తొవ్వల నడిస్తే? మోసే బలం పైకి, నడక ముందుకు. అందుకని ఆ బలం చేసిన పని సున్నా అన్నడు.

నేను దిగ్గున లేచిన. "సార్, మీరెన్నడన్న మోపు మోసిండ్రా?"

క్లాసంత పక్కున నవ్విండ్రు. సారు మాత్రం నవ్వలే. "అలుపు వేరే అమ్మా. కిందికెల్లి నెత్తి మీదికి లేపినప్పుడే మోపు మీద పని జరిగేది. బరువును ఎత్తుతోని గుణించు, వస్తది" అన్నడు.

హాస్టల్ల నాతోని మాట్లాడేటోళ్లు లేరు. నా పల్లె మాట వింటేనే మూతి తిప్పుకునేటోళ్లు. ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూసొని లెక్క కట్టిన. ఇరవై కిలోల మోపు, మీటరున్నర ఎత్తు, దగ్గర దగ్గర మూడు వందల జౌళ్ల పని. బాపు పోయినంక ఇంట్ల నన్ను కన్న అవ్వ, నేను, ఒక బర్రె. బర్రెకేసే చెరుకు కొసల మోపు ఒక్కలతోని లేవది. చెరో దిక్కు పట్టి అవ్వ నెత్తికి ఎత్తేటోళ్లం. మరి నేను వచ్చినంక రెండో దిక్కు ఎవలు పడుతున్నరు? ఏడాదాయె, ఒక్కసారన్న అడిగిన్నా? ఏడుపాగలే.

ఆదివారం పొద్దుగాలనే బోధన్ బస్సెక్కిన. సదువు బంద్ పెట్టి ఇంటికాడనే ఉంటనని చెప్పుదామనుకున్న. చెరుకు తోట కాడ అవ్వ కొసలు కోసి రెండు చిన్న మోపులు కట్టుకుంది.

"ఇదేందవ్వా, గింతింత కట్టినవ్?"

"ఎవలొస్తరా అని గెట్టు మీద ఎంతసేపు నిలబడాలె బిడ్డా? గింతయితే నేనే ఎత్తుకుంట. రెండు తాపలు తిరిగితే ఏమైతది?"

రెండూ విప్పి ఒక్కటే మోపు కట్టిన. ఇద్దరం అవ్వ నెత్తికి లేపినం. అవ్వ ముందు, నేను ఎనుక. సదువు బంద్ మాట ఎట్ల ఎత్తాల్నా అనుకుంట నడిచిన.

"అక్కడ నీకు తోడెవలన్న ఉన్నరా?" అవ్వ ఎనుకకు తిరగకుంటనే అడిగింది. "నువ్వు ఒక్కదానివే ఉన్నవేమోనని నాకు బువ్వ దిగుతలేదు బిడ్డా."

"మస్తు మంది ఉన్నరవ్వా" అన్న.

సాయంత్రం బస్సుకే నిజామాబాద్ పోయిన.