అవ్వ వాకర్‌కు పట్టిన తుప్పు

మా నాయనమ్మను ఇంట్లో అందరం అవ్వ అనే పిలుస్తాం. బాత్రూంలో జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కనకమామిడి ఊరి చుట్టాలు తమ దగ్గర మూలనపడ్డ వాకర్ తెచ్చిచ్చారు. క్రోమ్ పూత వేసిన ఇనుప గొట్టాలు. ఒక వానాకాలమంతా పశువుల కొట్టంలోనే ఉందట, ఒళ్లంతా తుప్పు మచ్చలు. నడవకపోతే కాళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు గట్టిగా చెప్పారు. అవ్వ మాత్రం దాన్ని ముట్టనంటే ముట్టనంది.

"గీ తుప్పుదాన్ని పట్టుకొని చర్చికెట్ల పోవాలె? తెల్ల చీరెకు మరకలైతయ్."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్రిస్మస్‌కు ఇత్తడి బిందెలు తోమినట్టే, చింతపండులో ఇటుక పొడి కలిపి కసిగా రుద్దాను. తుప్పు కొంత పోయింది, మెరుపూ పోయింది. వాకర్ ఒక కాలి నిండా గీతలే.

"అది బిందె గాదు బిడ్డ," అంది అవ్వ.

మొయినాబాద్‌లో మా బండి బాగుచేసే మెకానిక్‌ను అడిగితే ముందు కడుపుబ్బా నవ్వాడు.

"చింతపండు ఎవలు పెట్టుమన్నరక్కా? చపాతీలు చుట్టే సిల్వర్ పేపర్ ఉంటది గద, ఉండ చేసి నీళ్లల్ల ముంచి మెల్లగ రుద్దు. తుడిచినంక జర నూనె రాయి."

శనివారం మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాను. మెల్లగా రుద్దడం నాకు చేతకాని పని. అయినా నల్లటి నీళ్లు కారి, కింద తళుకు కనిపిస్తుంటే నా విసుగు తగ్గింది. అవ్వ మంచం మీంచి "గక్కడ", "ఇంక కిందికి" అంటూ మచ్చలు చూపిస్తూనే ఉంది. చివరికి చూపించడానికి మచ్చ మిగల్లేదు. తెల్లగుడ్డతో గొట్టాలన్నీ తుడిచి, గుడ్డ ఆమె ముందు పరిచాను. ఒక్క మరక లేదు.

"ఇగ లే అవ్వా," అన్నాను, పందెం గెలిచినదానిలా.

అవ్వ లేవలేదు.

"తుప్పు పోయింది బిడ్డా. మల్ల పడతనేమోనని భయం పోతలేదు."

నాకు సిగ్గేసింది. ఇన్ని రోజులూ మొండితనమనుకుని కసురుకున్నాను. ఎదురుగా నిలబడి వాకర్ ముందు కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాను. అవ్వ మెల్లగా లేచింది. నేను వెనక్కి ఒక అడుగు, ఆమె ముందుకు ఒక అడుగు. గుమ్మం దాకా తొమ్మిది అడుగులు.

మరునాడు ఆదివారం. చర్చి దాకా నడవడం ఆమె వల్ల కాదు. అయినా పొద్దున్నే తెల్ల చీర కట్టుకుంది, గుమ్మం దాకా నడవడానికి.