నీతి అడగని పీరియడు

మా బడి పిల్లలు పుస్తకం తెరవకుండానే అందులో నీతి ఏమిటో చెప్పేవాళ్లు. కథలో బంగారం ఉంటే ‘అత్యాశ పనికిరాదు’. మూడింటికి మించి జంతువులు ఉంటే ‘ఐకమత్యమే బలం’. అట్ట మీద గడ్డం ముసలాయన కనిపించాడా, ఇంక ఆలోచించే పనే లేదు, ‘పెద్దల మాట వినవలెను’. నేను ఆ బడికి బదిలీ మీద వెళ్లేసరికి ప్రతి పిల్ల దగ్గరా కథల నోటుబుక్కు ఒకటి ఉండేది. పుస్తకం పేరు, రాసినవారి పేరు, నీతి. మూడే గళ్లు. పుస్తకాలు మాత్రం ఆఫీసు గది బీరువాలో తాళం కింద ఉండేవి, చిరిగితే ఎవరు జవాబు చెప్పుకోవాలన్న భయంతో. పిల్లలు బీరువా అద్దంలోంచి అట్టలు చూసి నీతులు రాసుకునేవారు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. నాకు కోపం కొంచెం ఎక్కువే.

చిత్తూరు నుంచి కార్వేటినగరం వైపు గంటకు పైగా బస్సులో పోతే మా బడి. చుట్టూ మామిడి తోటలు. పిల్లల అమ్మానాన్నలు ఆ తోటల్లో కూలికి పోతారు, కాయలు దిగే రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతారు. ఇళ్లలో కథల పుస్తకం అనే వస్తువే ఉండదు. బడిలో దొరక్కపోతే వాళ్లకు ఇంకెక్కడా దొరకదు.

అదే బడిలో నాకంటే పదేళ్లు పెద్ద టీచరు ఒకామె ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆరేళ్లపాటు చిత్తూరు బస్టాండులో నాకంటే ముందే బస్సెక్కి, పక్క సీటులో హ్యాండుబ్యాగు పెట్టి నా కోసం ఆపింది. ఆమె డబ్బాలో పులగూర నాది, నా డబ్బాలో చిత్రాన్నం ఆమెది. పాత హెడ్మాస్టరు రిటైరయ్యాక ఇన్‌ఛార్జి బాధ్యత అక్కకు వచ్చింది. ఆ రోజే బీరువా తాళం తీసి నా చేతిలో పెట్టింది.

“సింపుకుంటే సింపుకోనీలేమ్మా. సెదలు తినేదానికన్నా మేలే గదా” అంది.

ఆ మాటకు నేను ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాననుకున్నాను.

వరండా స్తంభాలకు నవారు తాడు కట్టి పుస్తకాలన్నీ ఆరేసిన బట్టల మాదిరి వేలాడదీశాను. బుధవారం, శనివారం చివరి పీరియడు ఆ పుస్తకాలకే. నోటుబుక్కులు మూటగట్టి అటక మీద పడేశాను. పిల్లలకు చెప్పాను: చదవండి, లేకుంటే బొమ్మలు చూడండి, నచ్చకపోతే మూసేసి ఇంకోటి తీసుకోండి. పడుకుని చదివినా సరే. నేను నీతి అడగను. చదివి వినిపించమని అడగను. ఎవ్వరూ అడగరు.

వాళ్లు నమ్మలేదు. ఇందులో ఏదో పరీక్ష దాగి ఉందని నా ముఖం వెతికారు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఏడో తరగతి పిల్ల ఒకతె చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వరండాలోనే తచ్చాడింది. వాళ్లింట్లో అరవం మాట్లాడతారు. మా వైపు చాలా ఇళ్లలో అంతే. ఆ పిల్ల తెలుగు వాచకం పైకి చదివితే వాక్యం సగంలో తమిళంలోకి జారిపోయేది. ఒకసారి తరగతి తరగతంతా నవ్వింది. అప్పట్నుంచి హాజరు పిలిచినా నోరు తెరవదు, చెయ్యెత్తుతుంది. అలాంటిది, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“సదివి సెప్పమని నిజంగా అడగరు గదా మేడమ్?”

తల మీద చెయ్యి పెట్టుకుని, నా మీద ఒట్టు అన్నాను.

ఆమె చదవడం మొదలుపెట్టింది. బోర్లా పడుకుని, వరస కింద వేలు పెట్టి, పెదాలు మాత్రం కదుపుతూ చదివేది. బస్సెక్కిన మేక కథ ఒకటుంది. మేకకు టిక్కెట్టు ఎవరు తీయాలని బస్సంతా కొట్టుకునే కథ. దాన్ని నాలుగు సార్లు ఇంటికి తీసుకుపోయింది. తనలో తాను నవ్వుకుంటూ ఉంటే నేను చూడనట్టు నటించేదాన్ని. టీచరుగా నాకు అంతకన్నా మంచి రోజులు లేవు.

ఒకనాడు బస్సు కోసం నిలబడి ఉంటే ఆ పిల్ల తల్లి వచ్చి పలకరించింది. ఫ్యాక్టరీ నుంచి వస్తోంది, చేతులకు ఇంకా మామిడి జీడి మరకలున్నాయి. “బువ్వ తినేటప్పుడు పిల్ల రోజూ కత సెబుతాది మేడమ్, మా మాటలోనే. నన్ను ఎవురూ సదివించలేదు. ఇప్పుడు నా బిడ్డే నాకు సదివి పెడతా ఉండాది” అంది.

బస్సులో అక్కకు చెబుతూ ఏడ్చేశాను. ఎవరికీ చెప్పొద్దక్కా, తెలిస్తే ఆ పిల్ల మళ్లీ ముడుచుకుపోతుంది అని బతిమాలాను. నేనెందుకు చెప్తానమ్మా అని అక్క నా చెయ్యి పట్టుకుంది.

కొన్నాళ్లకు ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. తాడు మీది పుస్తకాలు చూసి మెచ్చుకున్నాడు. అంతా బాగానే ఉంది గానీ, పిల్లలకు ఏం వచ్చిందో మీకెట్లా తెలుస్తుందని అడిగాడు. ఇది ఇష్టంగా చదువుకునే పీరియడు అని నేను చెప్పబోతుంటే ఆయన గడియారం చూసుకున్నాడు. అక్క ముఖం మాడిపోయింది. ఇన్‌ఛార్జిగా ఆమెకు అదే మొదటి తనిఖీ.

“ఒక పిల్లను సూపిస్తాను సార్. ఈడ సదివిన కతలన్నీ ఇంటికి పోయి వాళ్లమ్మకు తమిళంలో సెబుతాది” అంది.

ఆ పిల్లను ముందుకు పిలిచారు. అందరి ముందు కథ చెప్పమన్నారు. ఆమె అధికారిని చూడలేదు, అక్కను చూడలేదు. నన్ను చూసింది.

ఒక్క మాట చాలు. వద్దు సార్ అంటే సరిపోయేది. ఊరికే చిన్నదానికీ పెద్దదానికీ ఎగిరిపడే నా కోపం ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు. నేను నవ్వు ముఖం పెట్టి, “చెప్పమ్మా, భయం లేదు” అన్నాను.

చెప్పింది. రెండో వాక్యంలోనే తమిళంలోకి జారింది. వెనక వరసలో కిసుక్కుమన్నారు. అధికారి కూడా ముచ్చటపడి నవ్వాడు. మంచి మనిషే. చివర్లో తల నిమిరి, ఇంతకీ కథలో నీతి ఏమిటమ్మా అని అడిగాడు.

పిల్ల మళ్లీ ఒకసారి నా వైపు చూసి, తల దించుకుని, “ఐకమత్యమే బలం” అంది.

ఆ పుస్తకంలో ఉన్నది ఒకే ఒక మేక. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. పిల్లలందరూ ఇట్లా చెప్పగలగాలి, రాయగలగాలి అని అధికారి చెప్పి వెళ్లాడు.

తిరుగు బస్సులో అక్కను నిలదీశాను. నిన్ను నమ్మి చెప్పాను, నోరు మూసుకోలేకపోయావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి అని కూడా అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ అంతా విన్నది. బడికి మంచి పేరే వచ్చింది గదా అంది. తర్వాత నా వైపు తిరిగింది.

“నేను పిలిసినానమ్మా, నిజమే. సెప్పమన్నది నువ్వు.”

మర్నాటి నుంచి ఆమె ఆపిన సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే వెళ్లాను. ఆమె చేసిన ద్రోహాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఒట్టు పెట్టింది ఆమె కాదు. కంచె నేనే.

సోమవారం నోటుబుక్కులు అటక దిగాయి. అధికారి మాట కాబట్టి అక్క ఆదేశం జారీ చేసింది. నేను ఆ పిల్లను పక్కకు పిలిచి తప్పయిందమ్మా అని చెప్పబోయాను. పరవాలేదు మేడమ్ అంది, పెద్దవాళ్లతో అనాల్సిన పద్ధతిలో, చేతులు కట్టుకుని. కొన్ని రోజులకు తల్లి మళ్లీ బస్సు దగ్గర కనిపించింది. పిల్ల ఇప్పుడు కథ చెప్పడం లేదట. అడిగితే బళ్లో చెప్పేసినాను అంటుందట.

నెలాఖరులో నోటుబుక్కులన్నీ దిద్ది అక్క బల్ల మీద పెట్టాలి. ఆ పిల్లది దొంతరలో అడుగున ఉంది. పుస్తకం పేరు దగ్గర మేక కథే. అక్షరాలు గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. నీతి గడిలో ఇలా రాసింది: ‘పెద్దల మాట నమ్మవలెను.’

నేను ఎర్ర పెన్ను తీసి దాని పక్కన టిక్కు పెట్టాను.