జ్వరం ఒక్కటే ఉన్న పాఠం

డస్టర్‌ను చూస్తే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. ఆ చెక్క, దాని కింద అంటించిన మురికి గుడ్డ, ముట్టుకుంటే లేచే సుద్దపొడి. ఎక్కడైనా బల్ల మీద కనిపిస్తే ఒక్క వేలితో అవతలికి నెట్టి, ఆ వేలు కొంగుకు తుడుచుకుంటాను. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. మా ఇంగ్లిష్ సార్ క్లాసులో కూర్చుని ఉంటే వాళ్లకూ తెలిసేది.

నల్గొండలో డిగ్రీ మొదటి సంవత్సరం. తెలంగాణ వచ్చిన కొత్త. టౌన్లో ఏ సభ జరిగినా మన భాష, మన యాస అని మైకులు పగిలిపోతున్న రోజులు. ఆ మోత మా క్లాసు కిటికీలోంచి వినిపిస్తూనే ఉండేది. లోపల మాత్రం ఒక్క తెలుగు మాట నోట్లోంచి ఊడిపడితే చాలు, చేతికి డస్టర్ వచ్చేది. రోజువారీ మాట్లాడుకునే ఇంగ్లిష్ నేర్పే పీరియడ్ అది, ఆ డస్టర్ పద్ధతి సార్ పెట్టింది. తెలుగు మాట్లాడినవాళ్లు డస్టర్ పట్టుకుని నిలబడాలి. ఇంకొకరు నోరు జారేదాకా కూర్చోవడానికి లేదు. జారినవాళ్ల చేతికి దాన్ని అందించి అప్పుడు కూర్చోవాలి. పీరియడ్ అయిపోయాక తెల్లబడ్డ చేతులతో, తెల్లబడ్డ చున్నీతో వరండాలోకి వస్తే పక్క గ్రూపు పిల్లలు "ఇయ్యాల నీకు పడ్డదా?" అని పళ్లికిలించేవాళ్లు.

దాంతో ఏమైంది? అందరం ఇంగ్లిష్ మాట్లాడామా? మాట్లాడాం, నా మొహం. అందరం నోళ్లు మూసుకున్నాం. పొద్దంతా వాగే పిల్లలం ఆ పీరియడ్‌లో మూగవాళ్లమయ్యాం. సార్‌కు అదే ముద్దు. "నౌ యు ఆర్ థింకింగ్ ఇన్ ఇంగ్లిష్" అని మురిసిపోయేవాడు. థింకింగ్ లేదు, పాడూ లేదు. ఆకలి గురించీ బస్సు గురించీ తెలుగులోనే అనుకుంటున్నాం, పైకి అనడం లేదు, అంతే.

పోనీ ఆయన ఏ లండన్‌లోనో పుట్టాడా అంటే, ఆయనదీ మా దిక్కే. ఇంటి నుంచి ఫోన్ వస్తే క్లాసు మధ్యలోనే కిటికీ దగ్గరికి పోయి "గదేందే, గట్లెట్ల జేస్తవ్? నేనొచ్చినంక చూస్త తియ్" అనేవాడు. ఫోన్ జేబులో పెట్టి, గొంతు సవరించుకుని, "ఎస్, క్లాస్" అని మళ్లీ ఇంగ్లిష్‌లోకి దిగేవాడు. ఆ గొంతు సవరింపు వింటే నాకు ఒళ్లంతా కంపరమెత్తేది. ఆయన చేతికి డస్టర్ ఎవరిస్తారు? అడిగే మొనగాడు మాలో ఎవరున్నారు?

ఆయన పాఠం చెప్పే తీరు ఇంకా గొప్పది. జిరాక్స్ కాగితాలు పంచేవాడు. రైల్వే స్టేషన్‌లో ఒక సంభాషణ, బ్యాంకులో ఒకటి, డాక్టర్ దగ్గర ఒకటి. ఇద్దరిద్దరం జంటగా బట్టీ కొట్టి, అందరి ముందూ నిలబడి అప్పజెప్పాలి. ఒక్క మాట అటూ ఇటూ కావడానికి లేదు. డాక్టర్ కాగితంలో రోగికి జ్వరం. "వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?" అని డాక్టర్ అడగాలి. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్, డాక్టర్" అని రోగి చెప్పాలి. తర్వాత నాలుక చూపించడం, గోలీలు రాయడం, థాంక్యూ. అయిపోయింది. ఆ కాగితంలో తలనొప్పి లేదు, పన్నునొప్పి లేదు, కాలు బెణకడం లేదు. మనిషికి వచ్చేది ఒక్క జ్వరమే, అదీ సరిగ్గా రెండు రోజుల నుంచే.

నా జంట కొల్లాపూర్ పిల్ల. నాది తిరుమలగిరి. ఇద్దరం కాలేజీ వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అంత దూరం నుంచి నల్గొండకు ఎందుకొచ్చావని అడిగితే నవ్వేది. నెట్ సెంటర్ వాడు ఆన్‌లైన్లో కాలేజీ ఆప్షన్లు ఎట్లబడితే అట్ల కొట్టాడట, కంప్యూటర్ దాన్ని తీసుకొచ్చి ఇక్కడ పడేసింది. వాళ్ల బాపు ఒకప్పుడు మగ్గం నేసేవాడు, తర్వాత కొల్లాపూర్‌లోనే బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. బిడ్డకు ఇంగ్లిష్ వస్తే చాలు, ఎక్కడైనా బతుకుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మోయలేక పిల్ల బిక్కచచ్చిపోయేది. గదిలో నన్ను డాక్టర్‌ను చేసి, తను గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఆ జ్వరం మాట చెప్పిందే చెప్పేది. నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు తయారైంది.

మా జంట అప్పజెప్పాల్సిన రోజు పొద్దున చూస్తే, అది చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది.

"కడుపుల నొస్తాందే" అంది.

"సోడా తాగుతవా?"

"వద్దు. కక్కొచ్చెటట్టుంది."

"అయితే పండు. సార్‌కు నేను చెప్త."

"ఏమని చెప్తవ్? ఇంగ్లిష్ల చెప్పొస్తదా నీకు? ఇయ్యాల అప్పజెప్పకపోతే మార్కులెయ్యడు. బాపుకు తెలిస్తే పరేషాన్ అయితడు" అని గోడ పట్టుకుని లేచింది. నాకు నిజంగానే చెప్పడం రాదు. ఇద్దరం కాలేజీకి నడిచాం. రోజూ నాకంటే ముందు నడిచే పిల్ల ఆ రోజు గేటు దాకా నా భుజం వదల్లేదు.

క్లాసులో మాకంటే ముందున్న జంట బ్యాంకు సంభాషణ చెబుతోంది. నా పక్కన దాని మొహం పాలిపోయి, పెదవి మీద చెమట పట్టింది. చెయ్యెత్తింది. "మే ఐ గో ఔట్, సార్?"

అందరికీ వచ్చిన ఒకే ఒక్క వాక్యం అది. బయట తిరగడానికి ప్రతివాడూ వాడేదే. అందుకని సార్ తల కూడా తిప్పకుండా "నో" అన్నాడు. అది కూర్చోలేదు. బెంచీ పట్టుకుని వంగి నిలబడింది. "రీజన్? టెల్ ఇన్ ఇంగ్లిష్" అన్నాడు. అది నా వైపు చూసింది. నేను బల్ల మీదున్న డస్టర్‌ను చూశాను. మా ఇద్దరికీ తెలిసిన రోగం ఒక్కటే కదా. చివరికి అదే చెప్పింది.

"ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్."

సార్ మొహం వెలిగిపోయింది. పాఠం అప్పజెబుతోందనుకున్నాడు ఆ మహానుభావుడు! "వెరీ గుడ్! క్లాప్స్!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది రెండు చేతులతో కడుపు పట్టుకుని ఉంది. సార్ దగ్గరికొచ్చి, "బట్ ఫీవర్ ఈజ్ నాట్ హియర్" అని కడుపు వైపు చూపించి, "ఫీవర్ ఈజ్ హియర్" అని తన నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. యాక్షన్ కూడా కరెక్టుగా ఉండాలట.

అది కడుపు మీద నుంచి చెయ్యి తీసి నుదుటి మీద పెట్టుకుంది.

థూ! ఆ చెయ్యి అట్ల పైకి పోవడం నేను చూశాను. మరుక్షణం అది బెంచీ మీద వాలిపోయి వాంతి చేసుకుంది. ముందు వరుస పిల్లలు ముక్కులు మూసుకుని దూరం జరిగారు.

"కడుపునొప్పి సార్ దానికి! పొద్దున్నుంచి! పాణం పోతాంది!" అని అరిచాను.

"ఇంగ్లిష్, ఇంగ్లిష్!" అన్నాడు సార్. అని, ఆగలేదు. బల్ల మీది డస్టర్ తీసి నా చేతిలో పెట్టాడు. మనిషి వాంతి చేసుకుని పడి ఉంటే, అడుగు దూరంలో నిలబడి నాకు డస్టర్ ఇచ్చాడు. అలవాటు, అంతే. ఆయనకు తను ఏం చేస్తున్నాడో కూడా తెలియదనుకుంటాను. నాకు అది ఇంకా ఎక్కువ అసహ్యం.

ఎవరినీ అడగలేదు, ఆగలేదు. దాని రెక్క పట్టుకుని లేపి, బయటికి తీసుకుపోయి, ఆటో ఎక్కించి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా "సార్ ఏమనుకుంటడో" అంటూనే ఉంది. నీ సార్ కాటికి పోనీ అని తిట్టాను. ఆటో నడిపే ఆయన అద్దంలో చూసి "ఎవలమ్మా గా సారు?" అని అడిగాడు.

దవాఖానలో డాక్టరమ్మ నడివయసు మనిషి. చుట్టూ రోగుల గోలలో చిరాకుగా ఉంది. అయినా దీన్ని చూడగానే కుర్చీలోంచి లేచి వచ్చింది.

"ఏమైంది బిడ్డా? యాడ నొస్తాంది?"

అది నోరు తెరవబోయి, ఆగింది. నా చేతి వైపు చూసింది. నేనూ అప్పుడే చూసుకున్నాను. డస్టర్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ హడావుడిలో పట్టుకునే వచ్చేశాను.

"ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్..." అని మొదలుపెట్టింది.

డాక్టరమ్మ దాని ఒంటి మీద చెయ్యేసి చూసి, నా వైపు తిరిగింది. "ఈ పిల్లకు తెలుగు రాదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ డస్టర్ దరిద్రాన్ని పక్కనే ఉన్న దూది, పట్టీలు పడేసే డబ్బాలోకి విసిరేసి, పిల్ల మొహం నా వైపు తిప్పుకున్నాను. "సార్ లేడే ఇక్కడ. ఎవ్వల్లేరు. నువ్వు చెప్పు" అన్నాను. తలుపు వైపు ఒకసారి చూసింది. నిజంగా ఎవరూ లేరని తెలిశాక ఏడుపు తన్నుకొచ్చింది. "పొద్దుగాల బొడ్డు చుట్టు నొచ్చింది మేడం. ఇప్పుడు కుడి దిక్కు కింద పొడుస్తాంది. కాలు సాపరాదు" అని గడగడా చెప్పేసింది. ఆ మాత్రం మాటలు క్లాసులో చెప్పనిస్తే ఏం పోయేది? అపెండిక్స్ అన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే లోపలే పగిలేదని డాక్టరమ్మ నన్నే తిట్టింది, ఇంతసేపు ఏం చేస్తున్నరని. చప్పట్లు కొడుతున్నామని ఎట్ల చెప్పను?

ఆపరేషన్ అయింది. వాళ్ల బాపు బస్సుల మీద బస్సులు మారి, దుమ్ము కొట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని బిడ్డ తల నిమురుతూ, "మరి సార్లకు చెప్పలేదా బిడ్డా?" అన్నాడు.

"చెప్పిన బాపు. ఇంగ్లిష్ల చెప్పిన."

"ఇంగ్లిష్ల చెప్పినవా!" అన్నాడాయన. అంత బాధలోనూ ఆ మొహంలో కొంచెం సంతోషం కనిపించింది. నేను చూడలేక మంచినీళ్లు తెస్తానని బయటికి వచ్చేశాను.

సార్ దవాఖానకు రాలేదు. క్లాసులో మాత్రం దాని ప్రస్తావన తెచ్చి, జరిగింది కమ్యూనికేషన్ గ్యాప్ అన్నాడు. సరిగ్గా చెప్పడం రాకపోతే ఎంత ప్రమాదమో చూశారా, అందుకే ఇంగ్లిష్ నేర్చుకోవాలన్నాడు. బల్ల మీద కొత్త డస్టర్ ఉంది. పాతదెక్కడని నన్ను అడగనైనా అడగలేదు.

కుట్లు విప్పాక అది తిరిగి వచ్చింది. చదువు మానేస్తుందేమో అనుకున్నాను, మానలేదు. వచ్చిన రోజే సార్ కొత్త జిరాక్స్ కాగితాలు పంచాడు. డాక్టర్ దగ్గర సంభాషణ. జ్వరం తీసేసి కడుపునొప్పి పెట్టాడు. ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ స్టమక్ ఏక్ సిన్స్ టూ డేస్, డాక్టర్. ఆ రెండు రోజులు మాత్రం అట్లనే ఉన్నాయి.

ఇంకా ఉంది. దాన్ని వేలితో చూపించి, నవ్వుతూ, "యు హావ్ ఎక్స్‌పీరియన్స్. యు బి ద పేషెంట్" అన్నాడు. నన్ను డాక్టర్‌గా నిలబడమన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్దరం ముందుకు వచ్చి ఎదురెదురుగా నిలబడ్డాం. అది ఒక చెయ్యి కుట్ల మీద పెట్టుకుని ఉంది. చేతిలోని కాగితం చూశాను. వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్. నాకు ఒళ్లు మండింది. కాగితం మడిచాను.

"ఏమైంది బిడ్డా? యాడ నొస్తాంది?" అని అడిగాను.

అది నన్ను చూసింది. ఈసారి సార్ వైపు చూడలేదు, తలుపు వైపూ చూడలేదు.

"ఇప్పుడు యాడ నొస్తలేదు మేడం" అంది, వెనక బెంచీ దాకా వినిపించేటట్టు. "ఆ దినం నొచ్చింది. గీ క్లాసుల్నే నొచ్చింది. చెప్పనియ్యలే."

"ఏందే గిది?" అని సార్ గర్జించాడు. "తమాషా చేస్తున్నరా? నేను చెప్పిందేంది, మీరు చేస్తాందేంది?"

ఆ కోపంలో ఆయన తన గొంతులోనే మాట్లాడాడు. కిటికీ దగ్గర ఫోన్లో మాట్లాడే గొంతు. అన్న తర్వాత ఆయనకూ తెలిసింది. గొంతు సవరించుకోబోయాడు.

అది కుట్ల మీది చెయ్యి తియ్యకుండానే బల్ల దగ్గరికి నడిచి, రెండో చేత్తో కొత్త డస్టర్ తీసుకుని, ఆయన ముందుకు చాచింది.

"పట్టుకోండ్రి సార్" అంది.

ఆయన పట్టుకోలేదు. అది చాచిన చెయ్యి దించలేదు.