సాయమ్మ అడిగిన జాగ

గద్వాల మగ్గాల వాడల పుట్టిన నా ఈడోళ్లు ఇంకెవరన్నా ఉన్నరా? తడి పడుగు మీది గంజి వాసన యాదికున్నదా? ఇయ్యాల పొద్దున పక్కింటోళ్లు గంజి వారుస్తుంటే గదే వాసన వచ్చింది, చిన్నప్పుడు నాతోని ఆడుకున్న సాయమ్మ యాదికొచ్చింది.

మేం ఆడుకోనీకి జాగ కావాలని ఇల్లిల్లు తిరిగి పెద్దోళ్లను అడిగింది సాయమ్మనే. ఇంటికొకరు ఒకపూట మగ్గం ఆపి, వాడ వెనక రాళ్లు, ముండ్లు ఏరి సాపు చేసిండ్రు. షరతు ఒక్కటే. పొద్దున అక్కడ పడుగు నూలు బారుగ సాపి, పోగులు గట్టిపడనీకి గంజి పెడ్తరు, అది ఆరేదాంక పిల్లలెవరూ పోవద్దు.

నేను ఆగలే. ఒకనాడు తడి పడుగు కిందికెళ్లి ఉరికిన. పోగులు పటపట తెగినయి.

"ఎవరు తెంపిండ్రు?" అని నాయిన అడిగిండు.

"సాయమ్మ" అన్న.

కాదని ఆమె ఎంత ఏడ్చినా ఎవరూ నమ్మలే. ఆమెను జాగలకు మళ్ల రావద్దన్నరు. మేం ఆడుతుంటే అరుగు మీద కూసొని చూస్తుండె.

ఇయ్యాల పొద్దున గా గంజి వాసనలనే మా కాలనీ పిల్లలు పార్కుల ఉయ్యాలకు చందా అడగనీకొచ్చిండ్రు. ఇచ్చిన.

"ఉయ్యాల మీద ఎవరి పేరు రాయాలె అవ్వా?"

"సాయమ్మ" అన్న.

"ఆమెవరు?"

"నా దోస్తు" అన్న. గా పసిపోరగాండ్లకు గూడ నిజం చెప్పలేకపోయిన.