టేపత్తయ్య రెండో పక్షం

మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె టేపత్తయ్య. చదువు పదో తరగతితో ఆగింది. కుట్టుపని నేర్పే బడిలో పాఠాలు చెప్పాలని ఆమె కోరిక. దానికో పరీక్ష ఉంది. ఆమె వెళ్తున్న సాయంత్రం తరగతుల పంతులమ్మ ఆమె పేరు పంపితేనే రాయనిస్తారు.

టేపత్తయ్య రాసిన చర్చావ్యాసాన్ని ఆవిడ ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపింది. "రెండు వైపులా మాట్లాడమంటే మీరు ఒకవైపు చేరి పోట్లాడుతున్నారండీ." ఈసారి అంశం, కుట్టించుకున్న బట్టలు మేలా, కొనుక్కున్నవి మేలా?

బట్ట కోసేముందు కొలతకు కత్తిరించిన కాగితపు ముక్కలన్నీ పరిచి చూసుకోవడం ఆమె పద్ధతి. వ్యాసానికీ అదే చేసింది. ఒక్కో కారణం ఒక్కో ముక్క మీద రాసి బల్ల మీద పెట్టింది. ఎడమవైపు కుట్టించుకున్నవి. ఒంటికి సరిపోతాయి. బిగుతైతే విప్పి వదులు చేసుకోవచ్చు. పెద్దవాళ్లవి తర్వాత పిల్లలకు పనికొస్తాయి. ఇంకా ఎన్నో. కొనుక్కున్నవాటికి వదిలిన కుడివైపు బల్ల బోడిగా ఉంది.

"అటువైపు మాట్లాడేవాళ్లే పుట్టలేదా అమ్మా?" అంది కూతురు.

"నా పొట్ట నేనే కొట్టుకోమంటావా?"

భర్త పేపరు మడిచాడు. "నేను చెప్పనా? కొన్నవి ఆ పూటే తొడుక్కోవచ్చు. నీ దగ్గరికొస్తే రేపు రా, ఎల్లుండి రా. నా చొక్కా గుడ్డ ఇచ్చి ఎన్నాళ్లయిందే?"

కూతురు పడీపడీ నవ్వింది.

"కట్టుకున్నవాడే ఇలా అంటే ఇంక ఊళ్లోవాళ్లేమంటారు!" అంటూనే ఆమె కాగితం అందుకుంది. రాస్తుంటే తనకే నవ్వొచ్చింది. ఆ తర్వాత మరో రెండు వాటంతటవే వచ్చాయి. కొలతలివ్వడానికి సిగ్గుపడేవాళ్లుంటారు. తొడిగి చూసి నచ్చకపోతే పక్కన పెట్టేయొచ్చు.

ఇక రెండు వైపులూ సరితూగాలంటే ఎడమవైపు తగ్గించాలి. పిల్లలకు పనికొస్తాయన్నది ఆమెకు ప్రాణం. కానీ కొనుక్కున్నవీ పనికొస్తాయిగా. కాసేపు ముక్కను వేళ్ల మధ్య తిప్పి, తీసేసింది.

పంతులమ్మ వ్యాసాన్ని నిలబడే చదివింది. "ఆలస్యం సంగతి మీరే రాశారా?"

"నిజమేగా అండీ."

"మరి చివరికి మీరెటు?"

"కుట్టించుకోవడమే మేలన్నాను. తొందరుంటే మాత్రం కొనుక్కోమన్నాను."

"ఈసారి మీ పేరు పంపుతున్నానండీ."

తిరిగొస్తూ టేపత్తయ్య ఎప్పుడూ తొక్కని రెడీమేడ్ బట్టల దుకాణం గడప తొక్కింది. వేలాడుతున్న చొక్కా ఒకటి తిరగేసి, లోపలి కుట్టు మీద వేలు పోనిచ్చింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు దుకాణదారు.

"ఏమీ వద్దు బాబూ. చూద్దామని వచ్చా." మళ్లీ ఒకసారి తడిమింది. "కుట్టు బాగానే ఉంది."