బండి మెడకు కట్టిన నల్లతాడు

మా బండికి జబ్బు చేసిందని అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నది నేనే. నలభై మీద వెళ్తున్నంతసేపూ అది బుద్ధిగానే ఉండేది. యాక్సిలరేటర్ వదిలేసి వేగం తగ్గనిస్తే మాత్రం, ముప్ఫైకి దిగేలోపు హ్యాండిల్ నా రెండు చేతుల మధ్యా టకటకా కొట్టుకునేది. గట్టిగా పట్టుకుంటే ఆగేది. దాంతో గట్టిగా పట్టుకోవడమే మందనుకుని కొన్నాళ్ళు గడిపాను. మగవాళ్ళకి సాధారణంగా తోచే వైద్యం అది.

నా ఉద్యోగం నీళ్ళు మోయడం. ఏలూరులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే కైకలూరు రోడ్డు పట్టుకుని కొల్లేరు దాటి, కలిదిండి చుట్టుపక్కల చెరువు గట్ల మీద తిరిగి, సీసాల్లో నీళ్ళు నింపుకుని, వెనక కట్టిన డబ్బాలో సర్దుకుని తిరిగొస్తాను. ఏ చెరువులో ఉప్పెంత ఉందో, ఆక్సిజన్ ఎంత ఉందో రైతులకి చెప్పాలి. ఆ గట్ల మీద, నీళ్ళకి గాలి పట్టించడానికి తిప్పే ఏరియేటర్లు ఎగజిమ్మే తుంపర నా మీదా బండి మీదా పడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపంతా తెల్లటి చారలు. చొక్కా ఏ రోజుకారోజు ఉతుకులో పడేది. బండిని కడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

మా ఆవిడ నర్సు. కొల్లేటి లంక ఊరొకదానిలో ఆరోగ్య కేంద్రంలో చేస్తుంది. నా దారిలోనే కాబట్టి వెళ్ళేటప్పుడు దింపి, వచ్చేటప్పుడు ఎక్కించుకుంటాను. పెళ్ళయినప్పటి నుంచీ మేం మాట్లాడుకున్న మాటల్లో సగానికి పైగా ఆ బండి మీదే. నేను రోడ్డుతో చెబుతున్నట్టు చెబుతాను, ఆవిడ నా వీపుతో చెబుతున్నట్టు చెబుతుంది. ఎదురుబొదురుగా కూర్చుంటే ఇద్దరికీ అంతగా మాటలు రావు.

ఆవిడ పుట్టిల్లు కామవరపుకోట వైపు, మెట్టలో. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం అందరూ చేసేదే. వీళ్ళు దాంతోపాటు గొర్రెబొచ్చుతో చేత్తో పేనిన నల్లతాడు ఒకటి కడతారు. పసిపిల్లలకి కట్టినట్టే దాన్ని మెడకే కట్టాలి. అంటే హ్యాండిల్ కిందుగా, ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు రెండింటినీ, వాటి మధ్యనున్న ఇనప మెడనీ కలిపి, హ్యాండిల్ తిరిగేటంత వదులుగా చుట్టాలి. కట్టేది ఆ ఇంటి ఆడపిల్ల. ఒకసారి కట్టాక విప్పకూడదు, కొయ్యకూడదు, దానంతట అది తెగిపోవాలి. ఈలోపు ఎప్పుడైనా భయం వేస్తే దాని మీదే ఇంకోటి కట్టుకోవచ్చు. నాకిలాంటివాటి మీద నమ్మకం లేదు గానీ, తాడు కడితే బండి బరువెక్కిపోదు కదా అని ఊరుకున్నాను.

పైగా ఆ తాడు వెనక ఏముందో నాకు తెలుసు. పెళ్ళయిన ఏడాదికి, అదీ ఒక్కసారే చెప్పింది. వాళ్ళన్నయ్య బండికి కట్టిన తాడు నీళ్ళ సర్వీసింగులో ఊడిపోయింది. ఆయన ఇంటికొచ్చి, కొత్తది కట్టవే అని చెల్లెల్ని అడిగాడు. తలంటు పోసుకుంటున్నాను, రేపు కడతాలే అంది. ఆ రేపు ఆదివారం, ఆ పూటా కట్టలేదు. సాయంత్రం మసకలో మొక్కజొన్న లోడు ట్రాక్టరొకటి వెనక దీపం లేకుండా రోడ్డు మీద ఆగి ఉంది. ఆయన చూసుకోలేదు. ఇంట్లో ఎవరూ ఈవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అనుంటే ఎదురు చెప్పుకోవడానికైనా ఉండేదేమో. ఆ రోజు తాడు కట్టుంటే అన్నయ్య ఉండేవాడని తనకి తనే తీర్పు చెప్పుకుంది. ఆ తీర్పు మీద నేనెప్పుడూ వాదించలేదు. వాదించి గెలిచే విషయం కాదని తెలుసు.

హ్యాండిల్ కొట్టుకుంటోందని నోరు జారానో లేదో, చెరువుల మీద ప్రతి ఒక్కళ్ళూ వైద్యులైపోయారు. టైర్లో గాలి తక్కువన్నారు ఒకరు. రిమ్ము వంకరపోయిందన్నారు ఇంకొకరు. డబ్బాలో సీసాల నీళ్ళు కదలడం వల్లే ముందు ఊగుతోందని మేత బస్తాలు తోలే ఆటో అతను తేల్చాడు. ఇక్కడ రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చినా ఇంతే, పక్క చెరువుకి చెప్పిన మందు తెచ్చి మన చెరువులో పోసి చూస్తారు. నేనూ అన్నీ పోసి చూశాను. గాలి కొట్టించాను. డబ్బా విప్పేసి ఖాళీ బండి నడిపాను. అది ఖాళీగానూ కొట్టుకుంది.

మా మెకానిక్కు షెడ్డు ఏలూరులో పవర్‌పేట వైపు. ఆయన యాభై దాటిన ముస్లిం పెద్దమనిషి, నెమ్మదస్తుడు. వాళ్ళ తాతల కాలంలో ఇంట్లో తివాచీలు నేసేవారట. ఈయన చేతికొచ్చేసరికి మగ్గం పోయి పానాలు వచ్చాయి. ముందు టైరు మెట్లు మెట్లుగా అరిగిందని చూపించి మార్పించారు. చక్రం బేరింగులు మార్చారు. ప్రతిసారీ చివర్న హ్యాండిల్ మీదున్న పెద్ద నట్టు ఒక పిసరు బిగించేవారు. బండి కొన్ని వారాలు బుద్ధిగా ఉండేది, మళ్ళీ మొదలయ్యేది. ఆ బిగించడం వల్లే ఆ కాస్త నెమ్మదీ వస్తోందని నాకు తట్టలేదు. టైరు వల్లేననుకుని మురిసిపోయాను.

ఒకరోజు ఇద్దరం కొల్లేటి వంతెన దిగుతున్నాం. ముందు చేపల లారీ నీళ్ళు కారుస్తూ పోతోంది. దూరం ఉంచుదామని వేగం తగ్గించాను. ఈసారి హ్యాండిల్ కొట్టుకోవడం మొదలెట్టి, గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. బండి తనిష్టం వచ్చినట్టు రోడ్డు దిగి, మట్టిలోకి పోయి, కిక్కిస పొదల్లో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సీసాలు కూడా పగల్లేదు. ఆవిడ దిగి, చీరకంటిన బురద దులుపుకుని, నావైపు చూడకుండా చెప్పింది.

“బండైనా బాగవ్వాలి, లేదంటే ఆ చెరువుల ఉద్యోగమైనా మానెయ్యాలండీ. నేను ఇంకొకళ్ళని పోగొట్టుకోలేను.”

చెప్పి, బస్సు ఆగే చోటికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాటి నుంచీ బస్సులోనే డ్యూటీకి వెళ్ళింది. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి, ఉన్న తాళ్ళ మీద ఇంకో తాడు కట్టింది. నేను చెయ్యాలనుకున్న పని ఆ ఉద్యోగమే. వేరేది నాకు రాదు కూడా. అందుకని ఈసారి మెకానిక్కు దగ్గరికి వెళ్ళినప్పుడు, తేలేదాకా ఇంటికెళ్ళనని చెప్పి బల్ల మీద కూర్చున్నాను.

ఆయన బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజన్ కింద చెక్క పెట్టి ముందుచక్రం గాల్లోకి లేపారు. ఫోర్కు అడుగు భాగం రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగారు. కదలిక లేదు. మొన్ననేగా నట్టు బిగించింది. తర్వాత ఒక్క వేలితో హ్యాండిల్‌ని మెల్లగా కుడి నుంచి ఎడమకి తోశారు. సరిగ్గా మధ్యకొచ్చేసరికి అది గుంటలో పడ్డట్టు ఆగింది. ఇంకొంచెం తోస్తే గాని కదల్లేదు. నన్నూ తోసి చూడమన్నారు. వేలికి స్పష్టంగా తెలిసింది.

“కోన్ సెట్ పోయిందండి,” అన్నారాయన. “మెడలో పైనా కిందా బాల్స్ ఉంటాయి కదండీ, కిందవి పాడైపోయుంటాయి. మొదట్నుంచీ నాకు దాని మీదే అనుమానమండి.”

మరి విప్పి చూడలేదేమండీ అని అడిగాను.

“తాడుందండి,” అన్నారు.

అప్పుడు సంగతంతా చెప్పుకొచ్చారు. కింది బాల్స్ చూడాలంటే ఫోర్కు మొత్తం కిందికి దించాలి, దించాలంటే ఆ తాళ్ళన్నీ కొయ్యాలి. అది మా ఇంటి నమ్మకం, తన చెయ్యి పెట్టవలసిన చోటు కాదనుకున్నారు. తను కోసిన మర్నాడు ఏదైనా జరిగితే అమ్మగారికి ఏం సమాధానం చెప్పుకుంటానండీ అన్నారు. అందుకే తాడు ముట్టుకోకుండా పైనుంచి చెయ్యగలిగిందల్లా చేసుకుంటూ వచ్చారు. ఆ మాట నాతో చెప్పడానికి కూడా మొహమాటపడ్డారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, ఆవిడ కడుతూనే ఉంది. తిలా పాపం తలా పిడికెడు.

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ మర్యాద మీద నడిపించారా మమ్మల్ని అనబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను. బల్ల మీదున్న బ్లేడు నేనే తీసుకుని వంగాను. తాళ్ళు ఒకదాని మీద ఒకటి పేరుకుని, పాతవి అణిగిపోయి, మెడకీ ఫోర్కుకీ మధ్యనున్న సందులోకి దూరిపోయి ఉన్నాయి. బ్లేడు ఆనించాను గానీ చెయ్యి ఆడలేదు. భయం వేసింది. తాడు చూసి కాదు, సాయంత్రం ఆవిడ మొహం చూడాల్సి వస్తుందని.

బ్లేడు పక్కన పెట్టి ఆవిడకి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. డ్యూటీ అవగానే వస్తానంది.

బస్సు దిగి ఆటోలో వచ్చింది. యూనిఫాం మీదే ఉంది. మెకానిక్కు ఆవిడకి స్టూలు వేసి, నాకు చూపించినట్టే హ్యాండిల్ ఒక్క వేలితో తోసి చూడమన్నారు. తోసింది. మధ్యలో ఆగింది. మళ్ళీ తోసింది, మళ్ళీ ఆగింది. ఆవిడ చేతిసంచి తెరిచి, కట్లు కత్తిరించే వంపు కత్తెర బయటికి తీసింది. గాయం మీది గుడ్డ కింద పోనిచ్చినట్టు దాని మొద్దు అంచు తాళ్ళ కింద పోనిచ్చి, ఒక్కో వరసే కోసుకుంటూ వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, ఏం చదువుకుందో తెలీదు.

ఆ తర్వాతిదంతా గబగబా అయిపోయింది. ఫోర్కు దించారు. పై బాల్స్ గ్రీజులో మెరుస్తున్నాయి. కిందివి ఎర్రగా తుప్పుపట్టి, కొన్ని పిండిలా రాలుతున్నాయి. అవి కూర్చునే గిన్నెలో వరసగా గుంటలు పడ్డాయి. వాన కురిసి చాలా రోజులైంది, అయినా ఆ తాళ్ళ లోపలి పొర ఇంకా తడిగానే ఉంది. మెకానిక్కు ఒక ముక్క వేళ్ళ మధ్య నలిపి, ఇది ఉన్ని కదండీ, నీళ్ళు పట్టిందంటే వదలదు అన్నారు. ఉప్పు కొలిచే గొట్టం నా సంచిలోనే ఉంటుంది. ఆ ముక్క నుంచి ఒక చుక్క దాని అద్దం మీద పిండి, వెలుతురుకేసి చూశాను. అచ్చం నా సీసాల్లో నీళ్ళే. ఉప్పెక్కడుందో కొలిచి ఊరందరికీ చెప్పేవాణ్ణి, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

మెట్టలో ఆ తాడు పాపం ఏ హానీ చేసుండదు. అక్కడ దుమ్మే గానీ తడి లేదు. దాన్ని ఉప్పునీళ్ళ మీదకి తెచ్చుకున్నది మేము.

కొత్త కోన్ సెట్ వేసి, గ్రీజు దట్టంగా పట్టించి, ఫోర్కు ఎక్కించారు. ఇప్పుడు వేలితో తోస్తే హ్యాండిల్ ఆ చివరికి తనంతట తనే వెళ్ళిపోయింది. ఆవిడ కోసిన తాళ్ళన్నీ ఏరి సంచిలో వేసుకుని, మెకానిక్కుని అడిగింది.

“బాబాయిగారూ, తాడు లేకపోతే బండికి ఏమన్నా అవుతుందాండీ?”

ఆయన చేతులు తుడుచుకున్నారు.

“బండికేం తెలుస్తుందమ్మా, తాడుందో లేదో. గ్రీజుందో లేదో తెలుస్తుంది గానీ.” ఆ మాట మరీ కటువుగా ఉందనుకున్నారేమో, కావాలంటే అద్దం కొమ్మకి కట్టుకోండమ్మా, అక్కడైతే ఎండకి ఆరిపోతుంది అని చేర్చారు. ఆవిడ తలూపింది గానీ కట్టలేదు.

వంతెన దగ్గర దిగిపోయాక ఆవిడ నా వెనక కూర్చోవడం అదే మొదలు. ఏలూరు కాలవ పక్క రోడ్డు ఖాళీగా ఉంది. నలభైకి తీసుకెళ్ళి, యాక్సిలరేటర్ వదిలేసి, చేతులు వదులు చేశాను. ముప్ఫై దాటి, ఇరవై దాటి కిందికి దిగింది. హ్యాండిల్ కదల్లేదు. చూశావా అందామనుకుంటున్నాను. ఈలోపు వెనకనుంచి మామూలు గొంతుతో అంది:

“అయితే ఆ రోజు నేను తాడు కట్టున్నా, అన్నయ్య ఇంటికొచ్చుండేవాడు కాదన్నమాట.”

వచ్చుండేవాడు కాదనే చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ విషయంలో నేనన్న మొదటి మాట అది. ఆవిడ నుదురు నా వీపుకి ఆనింది, కాసేపటికి చొక్కా తడిసింది. మా సందు వచ్చింది, దాటిపోయింది. ఆవిడ ఆపమనలేదు, నేనూ ఆపలేదు.